కుర్చీలోంచి నడిచిన డిపో

మా బావ గురించి చెప్పమంటే నేను ఒకపట్టాన ఆగను. ముందే చెబుతున్నా, మధ్యలో ఎవరూ అడ్డం రావద్దు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది.

బావ సిటీ బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. అందులో ఈ ఏడేళ్ళూ కొత్తగా చేరిన డ్రైవర్ల పక్కన కూర్చుని వాళ్ళకి బండి నేర్పే పని. డిపోలో అందరూ మాస్టారు అంటారు. ఇన్నేళ్ళలో ఒక్క యాక్సిడెంటు లేదు. అలాంటి మనిషి, కదలకుండా నిలబడి ఉన్న బస్సు మెట్టు మీంచి, చేతిలో టీ గ్లాసుతో జారి పడ్డాడు. టీ చుక్క కూడా ఒలకలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. కాలు మాత్రం రెండు చోట్ల విరిగింది. తొడ దాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు పాదం నేలకి ఆనించొద్దన్నాడు డాక్టరు.

సరిగ్గా ఆ వారమే అక్కకి కబురొచ్చింది. అక్క అంటే నా తోడబుట్టిన అక్క, బావ భార్య. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా కాలర్లు కుడుతోంది. లైను సూపర్‌వైజరు పోస్టుకి ఆవిడ పేరు అనుకున్నారు. మూడు వారాలు పని చేయించి చూస్తారు. పొద్దున్న ఆరున్నరకల్లా గేటు దగ్గరుండాలి, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఒక్క రోజు మానినా, లైన్లో తప్పులు పడినా, పోస్టు ఇంకొకరికి పోతుంది. నాలుగేళ్ళ కిందట ఇదే మాట అడిగితే, చిన్నోడు మరీ చిన్నవాడని వద్దనేసింది. ఈసారి కూడా వద్దంటే ఇక ఈ జన్మకి అడగరు.

మరి మా అక్క ఏం చేసిందో తెలుసా? కింద నా జిరాక్స్ షాపులోకి వచ్చింది. మా ఇళ్ళూ షాపూ అన్నీ ఒకే బిల్డింగులో ఉన్నాయిలెండి. వచ్చి, చెదిరిన కాగితాలు నేను అడక్కుండానే సర్దుతూ, "రేపెళ్ళి నా వల్ల కాదని చెప్పేస్తానే" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు కాదు? పిల్లలకి సెలవులు. బావ ఎలాగూ ఇంట్లోనే."

"ఆయనకి నీళ్ళు కాచడం కూడా రాదే!"

నిజమే మరి. బావ వంటింట్లో అడుగుపెట్టేది ఫ్రిజ్ తలుపు తియ్యడానికే. పోనీ నేను చూసుకుంటానందామంటే కాలేజీ అడ్మిషన్ల రోజులు, షాపు ముందు క్యూ వీధి మలుపు దాకా ఉంది. ఇద్దరం బిక్కమొహాలేసుకుని నిలబడ్డాం.

సాయంత్రం సంగతి బావకి తెలిసింది. "నువ్వు వెళ్తున్నావు. పిల్లలకి ఇంటి పని నేను నేర్పుతా" అన్నాడు.

"మీకు వచ్చా?" అంది అక్క.

"నాకు ఇంజను విప్పడం రాదు. అయినా అరవై మందికి బండి నేర్పానా లేదా? పని రావడం వేరు, నేర్పడం వేరు."

తాను దూర సందు లేదు, మెడకో డోలు అని నేను పైకే అనేశాను. బావ నవ్వాడు గానీ వెనక్కి తగ్గలేదు. డిపో లాగ్ పుస్తకం తెప్పించి, అక్కని ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కో పనీ అడిగి రాసుకున్నాడు.

"గిన్నె శుభ్రపడిందని ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది, అంతే."

"అంతే అంటే కుదరదు. కళ్ళు మూసుకుని చెప్పు, ఎలా?"

అక్క పాపం నిజంగానే కళ్ళు మూసుకుంది. "వేలితో రుద్దితే కీచుమంటుంది" అంది. బావ రాసుకున్నాడు. గది తుడిస్తే మూలనుంచి గుమ్మం వైపు వెనక్కి నడుస్తూ తుడవాలి. బియ్యం కడిగిన నీళ్ళు తెల్లగా ఉంటే మళ్ళీ కడగాలి. చొక్కా ఆరేస్తే కింద అంచు పట్టి వేలాడదియ్యాలి. అక్క చేతులకి తెలిసినవన్నీ నోటితో చెప్పాల్సి వచ్చేసరికి ఆవిడకే ఆశ్చర్యం, ఇన్ని పనులు చేస్తున్నానా అని.

సోమవారం పొద్దున్న అక్క అలా వెళ్ళిందో లేదో, పైనుంచి విజిల్ వినపడింది. షాపు తాళం చేత్తో పట్టుకుని పరుగెత్తాను. చూద్దును కదా, వంటింటి గుమ్మంలో కుర్చీ, కుర్చీలో బావ, స్టూలు మీద కట్టు కాలు, మెడలో కండక్టరు విజిలు! ఎదురుగా ఇద్దరు ట్రైనీలు. పెద్దది పదకొండేళ్ళ పిల్ల. ప్రతి దానికీ వాదిస్తుందని లాయరమ్మ అంటాం. రెండోవాడు ఎనిమిదేళ్ళ చిన్నోడు. చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఆ గుణమే కొంప ముంచింది, చెబుతా.

బావ పెట్టిన రూళ్ళు రెండే. ఒకటి, ఏ పని మొదలుపెట్టినా ముందు చుట్టూ చూసి, చేత్తో ముట్టుకుని, పైకి చెప్పాలి. డిపోలో బండి తీసే ముందు డ్రైవరు చేసేది అదే. రెండోది, రెండు విజిళ్ళు పడితే కదలాలి, ఒక్క విజిల్ పడితే ఆపాలి. విజిల్ లేకుండా ఏదీ వెలిగించకూడదు, ఏదీ ఆర్పకూడదు.

"గ్యాసు ట్యూబు సరిగ్గా ఉంది!" "కిటికీ తెరిచి ఉంది!" "మసిగుడ్డ దూరంగా ఉంది!" "లాయరమ్మ జుట్టు ముడేసుకుంది!" అని వాళ్ళు అరుస్తుంటే కింద నా షాపులో క్యూ మొత్తం నవ్వు. ఒక పెద్దాయన రెండో రోజు నుంచి పని లేకపోయినా వచ్చి నిలబడేవాడు, వినడానికి.

లాయరమ్మ ఊరుకుంటుందా? "రాత్రి మళ్ళీ పడుకుంటాం కదా, పక్క దుప్పట్లు ఎందుకు సర్దడం?" అని నిలదీసింది.

"బస్సు సాయంత్రానికి మళ్ళీ మురికవుతుంది. పొద్దున్న కడగడం మానేస్తామా?"

"మీ బస్సులు కడగరు నాన్నా. నేను చూశాను."

బావ విజిల్ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నాకైతే కడుపుబ్బ నవ్వొచ్చింది.

నాలుగు రోజుల్లో ఎంత నేర్చారో చెబితే నమ్మరు! అన్నం మెతుకు విడివిడిగా, బంగాళాదుంప తొక్క సన్నగా, నేల మీద నీటి మరకే లేకుండా. బావ కుర్చీలోంచి లేవకుండానే వంట నేర్చేసుకున్నాడు, వాళ్ళతో పాటు. మాడు వాసన వస్తే నాకంటే ముందు పసిగట్టేవాడు.

ఐదో రోజు మధ్యాహ్నం కోడిగుడ్లు ఉడకబెట్టే పని చిన్నోడికి పడింది. రెండు విజిళ్ళు పడ్డాయి, పొయ్యి వెలిగింది. బావ వేసుకున్న నొప్పి మాత్ర పనిచేసింది, కుర్చీలోనే గురక. లాయరమ్మ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. చిన్నోడు పొయ్యి నాబ్ మీద చెయ్యేసి నిలబడ్డాడు, ఒక్క విజిల్ కోసం. పది నిమిషాలు. పావుగంట. అరగంట. నీళ్ళు ఇగిరిపోయాయి. వాడు కదల్లేదు. మిలిటరీలో కూడా అంత క్రమశిక్షణ ఉండదు. తర్వాత ఠప్పుమని ఒక గుడ్డు పేలింది, వెనకే ఇంకోటి. పచ్చసొన పైకప్పుకి అంటుకుంది.

నేను మెట్లెక్కి వెళ్ళేసరికి బావ నిద్రమత్తులో "టైరు! టైరు పేలింది, బండి పక్కకి తియ్!" అని అరుస్తున్నాడు. చిన్నోడు తలనిండా గుడ్డు పెంకులు. కానీ చెయ్యి ఇంకా నాబ్ మీదే ఉంది. "విజిల్ పడలేదు పిన్నీ" అన్నాడు.

"విజిల్ లేదు, నీ మొహం లేదు! ఆపరా!" అని నేనే ఆపేశాను. అప్పటికప్పుడు బావని కడిగిపారేశాను, కాలు విరిగింది సరే, బుర్ర కూడా విరిగిందా అని. బావ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని తల్లో పెంకులు ఏరుతూ, "తప్పు నాదిరా. రూలు మారుస్తున్నా. ఆపే విజిల్ ఎవరైనా ఊదొచ్చు. ఏదైనా తప్పు జరుగుతోందనిపిస్తే నన్ను అడక్కుండా ఊదెయ్" అన్నాడు. విజిల్ తీసి గుమ్మం పక్క మేకుకి తగిలించాడు.

రెండో వారానికి ఇల్లు గడియారంలా నడుస్తోంది. ముఖ్యంగా చిన్నోడి గిన్నెలు! రాత్రి వాడు కడిగి బోర్లిస్తాడు. పొద్దున్న చూస్తే తళతళా మెరుస్తుంటాయి. "చూడు పిన్నీ, నా గిన్నెలు" అని ఒక్కొక్కటీ తెచ్చి చూపించేవాడు. వీడి చేతిలో ఏదో మహిమ ఉందని నేను బిల్డింగంతా టముకు వేశాను.

ఇంత బాగుంటే అక్క మొహం మాత్రం రోజురోజుకీ పీక్కుపోతోంది. కళ్ళ కింద నలుపు. అడిగితే "కొత్త పని కదే" అనేది.

పన్నెండో రోజు తెల్లవారుజామున ఐదు కూడా కాలేదు, ఒక్క విజిల్ మోగింది. మామూలుగా కాదు, బిల్డింగంతా లేచేంత పొడుగు విజిల్. పక్క వాటాలోంచి జుట్టు విరబోసుకుని పరుగెత్తాను. బావ చంక కర్రల కోసం తడుముకుంటూ "గ్యాసా? ఏమైంది?" అని కేకలు. వంటింటి గుమ్మంలో చిన్నోడు, నోట్లో విజిలు. సింకు దగ్గర మా అక్క, మోచేతుల దాకా నురుగు.

"అమ్మ నా గిన్నెలు మళ్ళీ కడుగుతోంది" అన్నాడు.

అక్క తల తిప్పకుండానే, "ఏదో ఒకటి రెండు, జిడ్డు మిగిలితేనూ..." అని నసిగింది.

లాయరమ్మ కళ్ళు నులుముకుంటూ వచ్చి విచారణ మొదలుపెట్టింది. "నిన్న కూడా కడిగావా?" అక్క కొళాయి ఇంకా పెద్దగా తిప్పింది. "మొన్న?" చేతిలో గిన్నె ఇంకా గట్టిగా రుద్దింది. "బట్టలు కూడా మళ్ళీ మడతపెట్టావు కదూ? నేను పెట్టిన మడత అలా ఉండదు, నాకు తెలుసు."

చిన్నోడు బోర్లించిన గిన్నెల వైపు చూశాడు. "అయితే నేను కడిగినవన్నీ ఉత్తుత్తివేనా?" అని భోరుమన్నాడు.

నాకు తిక్క రేగింది. "ఏమే, నీకేమైనా బుద్ధుందా? నాలుగింటికి లేచి..."

"నా ఇల్లు! నా గిన్నెలు! నాకిష్టమొచ్చినట్టు కడుక్కుంటా, నీకేంటే?" అని నా మీద విరుచుకుపడింది అక్క. అంతలోనే సింకు పట్టుకుని వంగిపోయింది. "నిన్న కుర్చీలో కూర్చుని నిద్రపోయానే. లైన్లో ఒక కట్ట చొక్కాలకి కాలర్లు తిరగేసి కుట్టేశారు. ఆపాల్సింది నేను. ఇంకొక్కసారి ఇలా జరిగితే పేరు కొట్టేస్తానంది మా ఫ్యాక్టరీ మేడమ్."

బావ కర్రలు గోడకి ఆనించి, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"కొత్తవాడు గేరు తప్పు వేస్తే నా ప్రాణం గిలగిల్లాడిపోతుంది" అన్నాడు మెల్లగా. "అయినా నా చేతులు ఒళ్ళోంచి లేవవు. స్టీరింగు మీద నాలుగు చేతులుంటే బండి గోతిలోకే పోతుంది."

"జిడ్డు గిన్నెల్లో తినమంటారా మరి?"

"తిందాం. నాలుక్కి తగిలితే వాడే తెలుసుకుంటాడు. నువ్వు రోజూ కడిగేస్తుంటే వాడికి తెలిసేదెలా?"

అక్కకి కోపం, సిగ్గు, నిద్ర, అన్నీ కలిసి వచ్చాయి. చేతులు తుడుచుకుని చిన్నోడి ముందు కూర్చుంది. "క్షమించరా కన్నా. నాకు నీ మీద నమ్మకం లేక కాదు. నా చేతులే నా మాట వినవు" అంది. తర్వాత ఒక గిన్నె వాడి చేతికిచ్చి, తను ముట్టుకోకుండా, "గిన్నె వెనకాల కూడా గిన్నేరా. అక్కడ వేలు పెట్టి చూడు" అంది. వాడు చూశాడు. కీచుమనలేదు. ముక్కు ఎగబీలుస్తూ తనే రుద్దాడు.

ఆ తర్వాతి వారం పిల్లలకి ట్రైనింగు లేదు, అక్కకే ట్రైనింగు. మొక్కలు వంగాయి గానీ ఈ మానుని వంచడానికి మా తల ప్రాణం తోకకొచ్చింది. స్పూను మీద ఎండిపోయిన సొన కనిపిస్తే ఆవిడ వేళ్ళు వాటంతటవే ముందుకెళ్ళేవి. చిన్నోడు మేకు వైపు చూసేవాడు. అక్క చెయ్యి వెనక్కి తీసుకుని పళ్ళు నూరుకునేది. కానీ ఐదున్నరదాకా ఒళ్ళెరగకుండా పడుకోవడం మొదలుపెట్టింది. కళ్ళ కింద నలుపు తగ్గింది. లైన్లో తప్పు పడలేదు.

ఇక ఆఖరి రోజు. ఆ రోజు ఫ్యాక్టరీ పెద్దలొచ్చి లైను చూసి, పోస్టు ఎవరికో తేలుస్తారు. పొద్దున్న ఐదూ నలభైకి అక్క బాల్కనీలోకి వెళ్ళి తీగ మీంచి తన తెల్ల కోటు తీసింది. డ్యూటీలో వేసుకునే కోటు, ఉన్నది అదొక్కటే. వెలుతురులోకి తెస్తే గులాబీ రంగు! అక్కడక్కడా కాదు, కాలర్ నుంచి జేబుల దాకా ఒకే గులాబీ.

వాషింగ్ మెషిన్‌లోంచి చిన్నోడి ఎర్ర మేజోడు బయటపడింది. లాయరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. జీవితంలో మొదటిసారి వాదించలేదు. "లోపల చెయ్యి పెట్టి చూడలేదమ్మా. చూశానని చెప్పేశాను, కానీ చూడలేదు" అంది.

నాకు తిట్టు నోటిదాకా వచ్చింది. బావ కళ్ళతోనే ఆగమన్నాడు. అక్క కోటు వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంది. "తొందరగా ఆరిందే" అని లాయరమ్మ బుగ్గ గిల్లి, సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది. ఆ క్షణంలో మా అక్కని చూస్తే నాకు ఎంత గర్వమేసిందో, ఎంత భయమేసిందో!

ఆ రోజు షాపులో నా ధ్యాసంతా అక్క మీదే. ఒకమ్మాయి సర్టిఫికెట్టు పన్నెండు కాపీలూ వెనక పేజీ తీసి ఇచ్చాను. పైన బావ విజిలూ లేదు, కేకలూ లేవు. ముగ్గురూ నోరెత్తకుండా పని చేసుకున్నారు.

రాత్రి ఎనిమిదికి అక్క వచ్చింది. సంచీ బల్ల మీద పెట్టి నిలబడింది. మేం నలుగురం ఆవిడ నోరే చూస్తున్నాం.

"మేడమ్ అందరి ముందూ ఆపింది" అంది. "ఏంటీ వేషం అని అడిగింది. మా అమ్మాయి ఉతికింది, పదకొండేళ్ళు అన్నాను. అందరూ కిసుక్కున నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇంట్లో ఇబ్బందిలా ఉందే, రేపు పోస్టిస్తే ఎలా వస్తావు అంది."

"నువ్వేమన్నావు?" అన్నాను ఆగలేక.

"మా ఇల్లు నేను లేకపోయినా నడుస్తుంది మేడమ్, అన్నాను."

"ఇచ్చారా లేదా, అది చెప్పు తల్లీ!"

"ఇచ్చారు. సోమవారం నుంచే."

అబ్బ, ఇక చూడాలి! బావ కట్టు మీద దరువేశాడు. లాయరమ్మ మంచమెక్కి గెంతింది, తనే సర్దిన దుప్పట్లన్నీ తొక్కేసింది. నేను అక్కని వాటేసుకుని తిప్పేశాను. కింద వాటావాళ్ళు ఏమైందని పైకొచ్చారు, వాళ్ళకీ అరిచే చెప్పాను. వాళ్ళు దిగి వెళ్ళాక గానీ చూడలేదు, అక్క గుమ్మం పక్కనే కూలబడి ఏడుస్తోంది.

"ఏడుపెందుకే పిచ్చిదానా?"

"గర్వంగానే అన్నానే ఆ మాట. అనేశాక గుండెల్లో ఖాళీ అయినట్టుంది. నేను లేకపోయినా నడుస్తోందిగా మరి. నిజంగానే నడుస్తోందిగా."

నేను పక్కన కూర్చుని ఆవిడ కళ్ళు తుడిచాను. బావ కర్రలు అందుకుని దగ్గరికొచ్చాడు. వంటింట్లోంచి చిన్నోడు ఐదు కంచాలు గుండెకి హత్తుకుని వచ్చి అమ్మ ముందు ఆగాడు.

"నడుస్తుందిలే అమ్మా" అన్నాడు పెద్దమనిషిలా. "కానీ రాత్రి తలుపు గడియ నా డ్యూటీ. నువ్వు లోపలికి రాకుండా నేను వెయ్యను. నాన్న చెప్పినా వెయ్యను."

కంచాలు అమ్మ ఒళ్ళో పెట్టి, వెళ్ళి తలుపు మూసి, మునివేళ్ళ మీద లేచి గడియ వేశాడు.